ఎడమ గోడకి నలుపు

పొద్దున్నే లేవగానే రంగులమ్మ మొహం కూడా కడుక్కోకుండా వంటింటి పక్క తలుపు తీసి, మెట్టు దిగి, గ్యారేజీలో ఎడమ గోడ చూసుకునేది. కొత్త గీత కనపడకపోతే ఊపిరి పీల్చుకుని పొయ్యి వెలిగించేది. కనపడితే ఆ రోజంతా ఆవిడ వంటలో ఉప్పు ఎక్కువో తక్కువో అయ్యేది.

రంగులమ్మ అసలు పేరు ఇంట్లోవాళ్ళు కూడా మరిచిపోయారు. ఆవిడా, ఆవిడ మొగుడూ కలిసి బట్టలు ఉతికి రంగులద్దే దుకాణం ఒకటి నడిపి ఇంతవాళ్ళయ్యారు. లోపల తొట్ల దగ్గర ఈవిడ, బయట వ్యాను స్టీరింగు ముందు ఆయన. ఇంటింటికీ తిరిగి బట్టలు తేవడం, తిరిగి ఇచ్చి రావడం ఆయన పని. ఆ వ్యానుకి ఒక్క సొట్ట కూడా పడనివ్వలేదని చెప్పిందే చెప్పి చుట్టాల చెవులు తూట్లు పొడిచేవాడు. దుకాణం అమ్మేశాక వ్యాను పోయి నీలం రంగు చిన్న కారు వచ్చింది. వీధిలోవాళ్ళకి మాత్రం ఆయన ఇప్పటికీ వ్యాను తాతే.

అలాంటి వ్యాను తాతకి ఎడమ పక్క కనపడటం మానేసింది.

సంగతి మొదట భోజనాల బల్ల దగ్గర బయటపడింది. ఒక మధ్యాహ్నం ఆయన పళ్ళెంలో కుడి సగం శుభ్రంగా ఊడ్చేసి, "ఏమేవ్, కూర ఇంకాస్త వెయ్యి. పిసినారిదానిలా ఇంతేనా పెట్టడం?" అన్నాడు. ఎడమ సగంలో కూర పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆవిడ వేళాకోళం అనుకుంది.

"కళ్ళు నెత్తికెక్కాయా? మరి అదేంటి?" అంది.

ఆయన పళ్ళెంలోకి చూశాడు. నిజంగానే వెతికాడు. ఆ వెతుకులాట చూసేసరికి అది వేళాకోళం కాదని ఆవిడకి తెలిసింది. పళ్ళెం అంచు పట్టుకుని అరచుట్టు తిప్పింది. "ఆఁ, ఇప్పుడు పెట్టావు" అని ఆయన మిగతా సగం కూడా తిని లేచాడు. అప్పటినుంచి ప్రతి పూటా భోజనం సగంలో పళ్ళెం తిప్పడం ఆవిడకి అలవాటైపోయింది. ఎందుకు తిప్పుతున్నావని ఆయన అడగలేదు, ఎందుకు తిప్పుతోందో ఈవిడ చెప్పలేదు.

డాక్టరుకి చూపిద్దామని ఒక్కసారి అంది. "నా కళ్ళకేమే, నిక్షేపంలా ఉన్నాయి" అని ఆయన మాట తుంచేశాడు. నిజం చెప్పాలంటే ఆవిడా గట్టిగా అనలేదు. అనకపోవడానికి కారణం ఒకటుంది, ఆ కారణానికి ఆరేళ్ళు.

కూతురి కూతురు. పేరుకేం, బళ్ళో ఏదో ఉంది. ఇంట్లో మాత్రం పిడుగు. కూతురు ఆసుపత్రిలో నర్సు, అల్లుడికి ఎప్పుడూ ఊళ్ళు తిరిగే ఉద్యోగం. బడి వదలగానే తాతయ్య కారేసుకుని వెళ్ళి పిడుగుని ఇక్కడికి తీసుకొస్తాడు. చీకటి పడేముందు కూతురు వచ్చి తీసుకెళుతుంది. ఆ మధ్యలో ఇల్లంతా దానిదే. దిండ్లు నేల మీద, బూట్లు మంచం మీద, తాతయ్య కళ్ళజోడు కుక్క బొమ్మ మూతి మీద. రంగులమ్మ గంట గంటకీ "నిన్ను కన్నదాన్ననాలి" అని తిట్టుకుంటూ వెనకాలే సర్దుకొచ్చేది. ఆ తిట్టుకోవడంలో ఆవిడకి ఎంత సుఖం ఉండేదో ఆవిడకే తెలుసు.

"నాన్నకి చూపు కొంచెం తగ్గినా నాకు చెప్పాలమ్మా. ఆ బండిలో నా పిల్ల ఉంటుంది" అని కూతురు ముందే చెప్పి పెట్టింది. చెబితే ఏమవుతుందో రంగులమ్మకి తెలుసు. కారు తాళాలు అదే రోజు పోతాయి. పిడుగు ఆసుపత్రి పక్కనున్న పిల్లల కేంద్రానికి పోతుంది. ఇంట్లో ఇద్దరు ముసలివాళ్ళు, ఒక గోడ గడియారం మిగులుతారు. మనవరాలి ప్రాణం ఒక పక్కా, మనవరాలితో గడిచే మధ్యాహ్నాలు ఇంకో పక్కా పెట్టి చూసుకుని, ఇంత లోకం చూసిన మనిషీ మధ్యాహ్నాల వైపే మొగ్గింది. భయం లేక కాదు. భయం ఆవిడ కడుపులో ఏకంగా కాపురమే పెట్టింది.

గ్యారేజీ ఇరుకు. కారు లోపలికి వచ్చాక ఎడమ తలుపు తెరుచుకోదు. అందుకని పిడుగు గేటు దగ్గరే దిగిపోయి, లోపలికి పరిగెత్తి, తాతయ్యకి దారి చెప్పేది. "రానీ... రానీ... రానీ... ఆపు!" అని రెండు చేతులూ ఊపుతూ పెద్ద ఆరిందాలా అరిచేది. అది వాళ్ళిద్దరి ఆట. మొదట్లో రంగులమ్మ కూడా వంటింట్లోంచి విని నవ్వుకునేది. పళ్ళెం సంగతి తెలిశాక ఆ "రానీ" వినపడిన ప్రతిసారీ ఆవిడ పొయ్యి వదిలేసి తలుపు దగ్గరికి పరిగెత్తేది. పిడుగుకి ఒక నియమం పెట్టింది. కుడి పక్కన వంటింటి తలుపు ముందున్న మెట్టు మీదే నిలబడాలి, కారు ఆగేదాకా మెట్టు దిగకూడదు. "దిగితే?" అంది పిడుగు. "దిగితే వీపు చిట్లగొడతాను" అంది అమ్మమ్మ. అలా నిలబడితే ఆయనకి కనపడే పక్క పిల్ల ఉంటుంది. అంతవరకు తెలివిగా ఆలోచించానని మురిసిపోయింది కూడా.

గోడ మాత్రం ఎక్కడికి పోతుంది? తెల్ల సున్నం గోడ. వారానికో నీలం గీత పడేది. ఒకటి అద్దం ఎత్తున, ఒకటి ముందు బంపరు ఎత్తున. కొన్నిచోట్ల పెచ్చు లేచి లోపలి సిమెంటు కనపడేది. "ఈ గోడ కట్టినవాడెవడో వంకరగా కట్టాడే" అనేవాడు ఆయన. ఇన్నేళ్ళూ తిన్నగా ఉన్న గోడ ఇప్పుడెలా వంకరపోయిందని ఆవిడ అడగలేదు. మొగుడు సొట్ట పడ్డ మూల మీద బకెట్టు బోర్లించి కడిగినట్టు నటిస్తుంటే, చూడనట్టు పక్కకి తిరిగి బట్టలు ఆరేసుకునేది.

ఇలా ఉండగా కూతురు ఫోను చేసింది. ఆదివారం వస్తానంది, గ్యారేజీలో పెట్టిన నిచ్చెన కావాలంది. నిచ్చెన ఉన్నది ఎడమ గోడకే, పైన మేకులకి తగిలించి. కూతురివి డేగకళ్ళు, నరం దొరకని చేతుల్లో కూడా నరం పట్టుకునే కళ్ళు. ఆ గోడ ఒక్క చూపు చూసిందంటే చాలు, అంతా అయిపోతుంది. 

మరకల్ని ఎలా వదిలించాలో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు కదా. సోడా పొడి వేసి రుద్దింది. వదల్లేదు. థిన్నరు ముంచిన గుడ్డతో తుడిచింది. నీలం పోయి, దాని చోట బూడిద రంగు మసక చేరి, మరక అరచేయంత అయింది. పైన సున్నం కొడదామంటే సొట్టలు నీడలు పడి మరీ బయటపడతాయి. మోకాళ్ళ మీద కూర్చుని గోడకేసి చూస్తూ ఉండిపోయింది. అప్పుడు దుకాణం గుర్తుకొచ్చింది.

వాళ్ళ దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. మరక పడ్డ బట్ట వస్తే ముందు ఉతికి చూడాలి. పోకపోతే మందు వేసి చూడాలి. దానికీ పోకపోతే ఇక దాంతో కుస్తీ పట్టక్కర్లేదు, తీసుకెళ్ళి నల్లతొట్టిలో వెయ్యాలి. ఎంత ఖరీదైన బట్టయినా, ఎంత పాడు మరకైనా నల్లతొట్టిలోంచి పైకి వచ్చాక ఒక్కటే. బట్ట తెచ్చినవాళ్ళు ఆనందంగా కట్టుకుపోయేవాళ్ళు. మరక లోపలే ఉంటుందని వాళ్ళకీ తెలుసు, వీళ్ళకీ తెలుసు. జీవితమంతా అదే చేసిన చెయ్యి, ఇప్పుడు గోడని కూడా బట్టే అనుకుంది. ఆవిడ తెలివి మండిపోను, మరక దాచిన బట్ట ఎవరి ప్రాణం మీదికీ రాదు అన్న ఒక్క సంగతి తట్టలేదు.

"ఏవండీ, గ్యారేజీకి నల్లరంగు వేద్దామా? పిడుగు చాక్‌పీసులతో బొమ్మలేసుకుంటుంది, బళ్ళో బోర్డులాగా" అంది భోజనాల దగ్గర, పళ్ళెం తిప్పుతూ.

ఆయన ముద్ద కలపడం ఆపాడు. తరవాత చిన్నగా నవ్వాడు. "నల్లతొట్టిలో వేసేద్దామంటావు" అన్నాడు.

ఆ నవ్వు చూసి ఆవిడ కూర గిన్నె మీద మూత పెట్టింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా భోజనం ముగించారు.

రంగుల కొట్టువాడు డబ్బాలు కట్టిస్తూ, "గోడలన్నిటికీ నలుపేనా? దయ్యాలకి అద్దెకిస్తున్నారా ఏంటమ్మా?" అని హాస్యమాడాడు. ఒక్క ఎడమ గోడకే వేస్తే ఎందుకని అడుగుతారు. అందుకని మొత్తం అన్ని గోడలకీ వేసెయ్యాలని ఆవిడ నిర్ణయించుకుంది. సొట్టల్లో లప్పం పెట్టి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్ది, నేల మీద పాత దుప్పట్లు పరిచింది. మొదటి పూతకి గోడ నల్లబడింది గానీ ఆరేసరికి గీతలు లోపలినుంచి తేలాయి. తొట్టిలో బట్ట కూడా అంతే, తడి మీద నల్లగా కనపడి ఆరాక మోసం చేస్తుంది. రెండో పూత వేసింది. గీతలు మాయమయ్యాయి. మిలమిల లేని మొద్దు నలుపు, చూపు పడితే చూపుని కూడా మింగేసేలా ఉంది.

చివరి గోడ నేను వేస్తానని ఆయన రోలరు లాక్కున్నాడు. చొక్కా విప్పేసి, ఈల వేసుకుంటూ, పైనుంచి కిందకి చక్కగా లాగాడు. ఆవిడ మంచినీళ్ళు తేవడానికి లోపలికెళ్ళి వచ్చేసరికి రోలరు కింద పెట్టి, చేతులు నడుముకి పెట్టుకుని నిలబడ్డాడు.

"ఎలా ఉంది? ఒక్క చుక్క వదలకుండా వేశాను చూడు" అన్నాడు.

గోడలో ఎడమ భాగం మూడోవంతు తెల్లగా అలాగే ఉంది.

ఆ తెలుపు ముందు ఆయన అంత గర్వంగా నిలబడి ఉంటే, రంగులమ్మ తెచ్చిన మంచినీళ్ళు ఇవ్వడం మరిచిపోయింది. ఇన్నాళ్ళూ ఏదో కాస్త మసక, కాస్త తేడా అని తనకి తాను సర్దిచెప్పుకుంది. ఆయనకి లేనిది ఎంతో ఇప్పుడు గోడ మీద కొలిచి పెట్టినట్టు కనపడింది. ఆ లేని చోట ఒక మనిషి నిలబడొచ్చు. ఒక పిల్ల అయితే ఇంకా తేలిగ్గా నిలబడొచ్చు. అప్పుడే ఫోను తీసి కూతురికి చెప్పాల్సింది. కాళ్ళు లోపలికి పోవాలనే చూశాయి. కానీ ఆవిడ, "బాగుందండీ. మీరెళ్ళి స్నానం చెయ్యండి" అంది. ఆయన లోపలికి వెళ్ళాక రోలరు తీసుకుని మిగిలిన తెలుపంతా తనే నల్లగా చేసేసింది.

ఆదివారం ఆయన కారుని సొట్టల పక్క కనపడకుండా ప్రహరీకి ఆనించి పెట్టాక కూతురు వచ్చింది. "ఇదేంటమ్మా, గుహలాగా!" అంది. లైటు వేస్తే బల్బు వెలిగింది గానీ వెలుతురు గోడల దగ్గరికి వెళ్ళి చచ్చిపోయింది. పిడుగు మాత్రం గంతులేసింది. అప్పటికప్పుడు చాక్‌పీసు తీసుకుని ఇల్లంత చేప ఒకటి వేసింది. కూతురు నిచ్చెన తీస్తూ ఎడమ గోడకి చెయ్యి ఆనించింది. అరచెయ్యి సరిగ్గా లప్పం పెట్టిన చోట పడింది.  కూతురు చెయ్యి తీసి, వేళ్ళకి రంగు అంటిందేమో చూసుకుని, నిచ్చెన పట్టుకుని వెళ్ళిపోయింది.

గండం గడిచిందనుకుంది రంగులమ్మ. సోమవారం పొద్దున్న అలవాటుగా మెట్టు దిగి ఎడమ గోడ చూసింది. ఏం కనపడలేదు. ఎప్పటికీ ఏమీ కనపడదని అప్పుడు అర్థమైంది. తెల్లగోడ ఎంత భయపెట్టినా రోజూ నిజం చెప్పేది. ఇది నోరు మూసుకుని కూర్చుంది. నిన్న ఆయన గుద్దాడో లేదో, ఎంత గట్టిగా గుద్దాడో ఇక తెలిసే దారి లేదు. ఆవిడ గోడ మీద వేళ్ళు పెట్టి గుడ్డిదానిలా తడుముకుంటూ నడిచింది. ఒక చోట వేలు కొత్త గాడిలోకి దిగబడింది. ఇంకో నాలుగడుగులకి ఇంకోటి. తీసేసిన వేలు కొంగుకి తుడుచుకుంది, తుడుచుకోవడానికి ఏమీ అంటకపోయినా.

ఆయన కూడా మారాడు. ఎండలోంచి కారు తిప్పి గ్యారేజీ ముందుకి రాగానే ఆగిపోయి, స్టీరింగు మీద వేళ్ళు ఆడిస్తూ కూర్చునేవాడు. "బావిలోకి దిగుతున్నట్టుందే" అన్నాడొకసారి. ఇదివరకు గోడ తెలుపైనా ఆయనకి ఎంతో కొంత ఆనవాలుగా ఉండేదేమో. ఇప్పుడు పూర్తిగా పిడుగు గొంతు మీదే ఆధారపడి వచ్చేవాడు. అది "రానీ" అంటే వచ్చేవాడు, "ఆపు" అంటే ఆపేవాడు.

శనివారం బడి లేదు. కూతురికి డ్యూటీ ఉంది, పిడుగుని పొద్దున్నే దింపి వెళ్ళింది. గ్యారేజీకి వెలుతురెక్కువిచ్చే బల్బు తెస్తానని ఆయన కారేసుకుని బజారుకెళ్ళాడు. గ్యారేజీ తలుపు ఎప్పట్లాగే పైకెత్తి వదిలేశాడు. పిడుగు చాక్‌పీసుల డబ్బా చంకనెట్టుకుని తయారైంది. ఒంటి మీద కొత్త గౌను. చాక్‌పీసు పొడి అంటితే కూతురు ఒంటికాలి మీద లేస్తుంది. రంగులమ్మ బీరువా అడుగునుంచి దుకాణంలో తను తొడుక్కునే పాత కోటు తీసి పిడుగుకి తొడిగింది. అదీ నల్లతొట్టిలో మునిగిందే. పిడుగుకి మడమలదాకా వచ్చింది, చేతులు మడతపెట్టాల్సొచ్చింది.

"తాతయ్య కారు చప్పుడు వినపడగానే ఏం చెయ్యాలి?"

"మెట్టెక్కెయ్యాలి."

"ఎక్కకపోతే?"

"వీపు చిట్లగొడతావు. నాకు తెలుసులే అమ్మమ్మా" అని పిడుగు వెళ్ళిపోయింది.

వంటింట్లో పొయ్యి మీద కుక్కరు కూత పెడుతోంది. అంతలో కూతురి ఫోను. "అది ఏం చేస్తోందమ్మా?" "బొమ్మలేసుకుంటోంది." "నాన్నో?" "బజారుకెళ్ళారు, వచ్చేస్తారు." "నీ గొంతేంటి అలా ఉంది?" "నా గొంతుకేమే..." అంటుండగా కుక్కరు కూత ఆగింది. ఆగగానే పిడుగు గొంతు వినపడింది.

"రానీ... రానీ..."

మెట్టు మీద నిలబడి అరిస్తే ఆ గొంతు తలుపవతలే, చెవి పక్కనే వినపడాలి. ఇది దూరంనుంచి వచ్చింది. అవతలి గోడ దగ్గరినుంచి. రంగులమ్మ చేతిలోంచి ఫోను జారి గట్టు మీద పడింది.

తలుపు లాగింది. బయట ఎండ కళ్ళలో కొట్టింది. ఆ ఎండలోంచి నీలం కారు ముక్కు లోపలికి వస్తోంది. పిడుగు ఎడమ గోడ ముందు నిలబడి ఉంది. వెనకాల కారు బొమ్మ, అందులో తాతయ్య, చాక్‌పీసుతో ఎంతో కష్టపడి వేసింది. కారు తగిలి బొమ్మ చెరిగిపోకుండా దానికి అడ్డంగా నిలబడి దారి చెబుతోంది. నల్లగోడ మీద నల్లకోటు. మొహం, రెండు చిన్న చేతులు తప్ప పిల్ల లేదు.

"ఆపండి! ఏవండీ, ఆపండి!"

కారు అద్దాలు వేసి ఉన్నాయి, ఆవిడ అరుపు పిల్ల కేకలో కలిసిపోయింది. ఆయన మెట్టువైపు చూశాడు. రోజూ పిల్ల నిలబడే చోట చెయ్యెత్తి ఎవరో ఉన్నారు, ఎడంగా ఎక్కడినుంచో సన్నగా "రానీ తాతయ్యా, మెల్లిగా రానీ" అని వినపడుతూనే ఉంది. ఆయన నవ్వుతూ తలూపి ఇంకాస్త ముందుకి వదిలాడు. పిల్లని నమ్మాడు. ఆ నమ్మకమే దాని మీదికి వస్తోంది.

రంగులమ్మ మెట్టు మీదినుంచి కారుకి అడ్డం దూకింది. రెండు చేతులూ బానెట్టు మీద పెట్టి తొయ్యబోయింది, ముసలి చేతులతో కారుని తోస్తుందట. బంపరు ఆవిడ మోకాళ్ళని వెనక్కి నెట్టింది. అప్పుడు కారు ఆగింది. ఎడమ మూల గోడకి ఆనుకుని ఆగింది.

"రానీ" అనడం కూడా ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో రంగులమ్మ ఎన్నిసార్లు చచ్చిందో చెప్పడానికి లేదు. ఎడమ పక్కకి తిరిగి చూసే ధైర్యం లేకపోయింది. తన మధ్యాహ్నాలు, తన తెలివి, తన నల్లరంగు అన్నీ ఆ మూల ఉన్నాయి. చూడాలి. చూడలేకపోతోంది.

ఆయన అద్దం దించాడు. "నీకేమైనా పిచ్చి పట్టిందటే, కారుకి అడ్డం పడతావు? పిడుగేదీ? ఇప్పుడే కదా దాని గొంతు వినపడింది?"

"ఇక్కడే ఉన్నాను కదా తాతయ్యా" అంది సన్నటి గొంతు.

ఆయన మెట్టువైపు చూశాడు. వెనక్కి చూశాడు. చివరికి మెడ పూర్తిగా ఎడమకి తిప్పాడు. అప్పుడు కనపడింది.

కోటు అంచు బంపరుకీ గోడకీ మధ్య నలిగి ఇరుక్కుంది. బంపరు మూల పిడుగు నడుము పక్కనుంచి పోయి గోడలో దిగబడింది.  ఆయన కారు వెనక్కి తియ్యబోయాడు. "ముట్టుకోకండి!" అని రంగులమ్మ అరిచిన అరుపుకి ఇంజను ఆపేసి తాళం తీసేశాడు. ఆవిడ వంగి కోటు గుండీలు విప్పింది. వేళ్ళు ఆడక రెండు తెంపేసింది. పిడుగుని చంకల కింద పట్టుకుని కోటులోంచి పైకి లాగింది. మోచెయ్యి గీరుకుంది, అంతే. ఖాళీ కోటు మాత్రం గోడకి అలాగే వేలాడుతూ ఉండిపోయింది. అది చూశాక పిడుగు ఏడవడం మొదలుపెట్టింది.

పిల్లని కడిగి, మందు రాసి, మంచం మీద పడుకోబెట్టింది. గట్టు మీద ఫోనులో కూతురు గొంతు ఎప్పుడో ఆగిపోయి ఉంది. అంటే బయల్దేరింది. రంగులమ్మ మళ్ళీ గ్యారేజీలోకి వచ్చింది. ఆయన మెట్టు మీద కూలబడి ఉన్నాడు. ఆవిడ నేల మీద దొర్లుతున్న చాక్‌పీసు తీసుకుంది. ఎడమచేత్తో గోడ తడిమి, గాడి దొరికిన చోటల్లా, లప్పం ఎగుడుదిగుడు తగిలిన చోటల్లా, దాని చుట్టూ తెల్లగా సున్నా చుట్టడం మొదలుపెట్టింది. గోడ మీద ఒకటి, రెండు, పది తెల్ల సున్నాలు లేచాయి. లప్పం కింద దాచినవీ, లప్పం పెట్టాక పడినవీ. ఆవిడ తడుముతూ పోయింది.

"దాని కింద ఇంకోటుంది. మంగళవారంది" అన్నాడాయన.

ఆవిడ చెయ్యి ఆగింది. "మీకు తెలుసా?"

"గోడకి రాసుకుంటే స్టీరింగు చేతికి చెప్పదుటే? నువ్వు పళ్ళెం తిప్పిన ప్రతిసారీ తెలుసు." మెట్టు అంచు చేత్తో రాస్తూ, "భయమేసింది. తాళాలు లాక్కుంటారనీ, పిల్ల రాదనీ భయమేసిందే. నువ్వు ఏమీ అనకపోతే బాగానే ఉన్నాననుకున్నాను" అన్నాడు.

"నాకూ అదే భయమండీ" అంది ఆవిడ. చాక్‌పీసు విరిగింది. విరిగిన ముక్కతోనే మంగళవారం గాడి చుట్టూ సున్నా చుట్టింది.

కూతురు నర్సు బట్టలతోనే వచ్చింది. ముందు లోపలికి పరిగెత్తింది. పిల్ల ఒళ్ళంతా తడిమి చూసుకుని, ఎత్తుకుని, వంటింటి తలుపులోంచి గ్యారేజీలోకి వచ్చింది. తెల్ల సున్నాలు చూసింది. వేలాడే కోటు చూసింది. ఆ కోటు పక్కనే సగం చెరిగిపోయిన కారు బొమ్మ చూసింది.

"ఇవన్నీ ఏంటి?"

"కారు తగిలిన చోట్లు" అంది రంగులమ్మ.

"నాన్నకి కనపడటం లేదా?"

"ఎడమ పక్క లేదు."

"నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసే నా పిల్లని ఎక్కించావా అమ్మా?"

"ఎక్కించాను" అంది. తల దించుకోలేదు. దించుకునే హక్కు కూడా తనకి లేదనిపించింది.

కూతురు పిడుగుని దించి, తండ్రికి ఎడమ పక్కగా వచ్చి నిలబడింది. నోరు విప్పితే ఏం వస్తుందో అని కాబోలు, ఏమీ అనకుండా తాళాల కోసం చెయ్యి చాపింది. ఆయన ఎదురుగా గోడకేసి చూస్తూ ఉండిపోయాడు. ఆ చెయ్యి ఆయన చెంపకి జానెడు దూరంలో ఉంది. తరవాత నిట్టూర్చి జేబులోంచి తాళాలు తీశాడు.

"తీసుకో తల్లీ. నేనే ఇస్తున్నాను" అని కుడి పక్కకి, ఎవరూ లేని చోటికి చాపాడు.

కూతురి మొహంలో అప్పటిదాకా ఉన్న కోపం ఎక్కడికి పోయిందో, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రంగులమ్మ వచ్చి మొగుడి మణికట్టు పట్టుకుంది. రోజూ పళ్ళెం తిప్పినట్టే, ఆయన చేతిని మెల్లిగా ఎడమకి తిప్పింది. తాళాలు కూతురి అరచేతిలో పడ్డాయి.